చేను, బర్రె, లెక్కల పుస్తకం



ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటికి రెండెకరాల చెల్క ఉంది. ఒక ఎకరంలో పత్తి వేశారు. రెండో ఎకరంలో జొన్న, కంది, పెసర, అనుములు, పుంటికూర కలిపి వేశారు.

పత్తి అమ్మారు. డబ్బు చేతికొచ్చింది. అందరూ ఆ డబ్బును లెక్క పెట్టారు.

రెండో ఎకరం సంగతి వేరు. జొన్నలు గుమ్మిలోకి పోయాయి. కందిపప్పు కుండలోకి పోయింది. పుంటికూర పొయ్యి మీదికి పోయింది. చొప్ప బర్రె ముందుకు పోయింది. వీటిని ఎవ్వరూ లెక్క పెట్టలేదు.

ఏడాది చివర ఇంటాయన అన్నాడు: "పత్తి చేను డబ్బులిచ్చింది. ఆ ఇంకో ఎకరం ఏమిచ్చింది? వచ్చే ఏడు అందులో కూడా పత్తే వేద్దాం."

ఇల్లు నడిపింది ఆ రెండో ఎకరమే అని ఇంటామెకు తెలుసు. కానీ చూపించడానికి ఆమె చేతిలో కాయితం ముక్క లేదు. ఆమె ఏమీ అనలేకపోయింది.

ఇది ఊహించి చెప్పిన ఇల్లే. కానీ ఇలాంటి మాట వినని ఊరు ఉండదు. ఆ ఇంటామె మాట చెల్లాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఆ రెండో ఎకరంలో ఏం జరుగుతోంది? రెండు, దాన్ని ఎట్లా రాసి పెట్టాలి?

చిన్న రైతు అంటే ఎవరు?

సర్కారు లెక్కలో రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవాళ్ళు సన్నకారు రైతులు. రెండున్నర నుంచి ఐదెకరాల దాకా ఉన్నవాళ్ళు చిన్నకారు రైతులు. 2015–16లో దేశంలో వ్యవసాయ లెక్కలు తీశారు. వంద కమతాలు ఉంటే అందులో 86 ఇలాంటివేనని తేలింది.

జహీరాబాద్ ప్రాంతంలో కూడా చిన్న కమతాలే ఎక్కువ. ఈ ఊరు పూర్వం మెదక్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇక్కడ కొంత నల్లరేగడి, కొంత ఎర్ర చెల్క. చాలా చేలకు వానే ఆధారం.

పెద్ద రైతుకు ఒక పంట పోతే ఇంకో చోట ఇంకో పంట ఉంటుంది. చిన్న రైతుకు ఉన్నది ఒకటే చేను. అందులో ఒకటే పంట వేస్తే, ఆ పంట పోయిన రోజు అన్నీ పోతాయి. విత్తనానికి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. తిండిగింజలు కూడా కొనుక్కోవాలి. అంటే అప్పు మీద అప్పు. ఆ భారం మొదట పడేది ఆడవాళ్ళ కంచం మీదనే.

కలిపి చేసే ఎవుసం

దీనికి ఒక దారి ఉంది. పుస్తకాల్లో దాన్ని "సమగ్ర వ్యవసాయం" అంటారు. సమగ్రం అంటే అన్నీ కలిసి ఉన్నది. చేను, చెట్టు, పశువు, కోడి, ఎరువు అన్నీ ఒకదాన్నొకటి పోషించుకోవాలి. ఒకదాని చెత్త ఇంకోదానికి తిండి కావాలి.

ఎట్లాగో చూడండి.

జొన్న కోశాక చొప్ప మిగులుతుంది. చొప్ప బర్రె తింటుంది. బర్రె పాలిస్తుంది, పేడ ఇస్తుంది. పేడ పెంటకుప్పలోకి పోతుంది. మాగిన పెంట చేనుకు పోతుంది. పెంట తిన్న నేల తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. అప్పుడు వాన పది రోజులు ఆలస్యమైనా పైరు తట్టుకుంటుంది. మళ్ళీ జొన్న, మళ్ళీ చొప్ప.

పెరట్లో నాలుగు కోళ్ళు ఉంటే రాలిన గింజ, పురుగు ఏరుకుని తింటాయి. గుడ్డు పెడతాయి. మేకలు గట్టు మీది ఆకు తింటాయి. అత్యవసరానికి ఒక మేకను అమ్మితే డబ్బు చేతికొస్తుంది. గట్టు మీద వేప, కానుగ ఉంటే ఆకు ఎరువవుతుంది. వేపగింజల కషాయం పురుగును ఆపుతుంది.

కంది, పెసర, అనుములు, శనగ వంటి పప్పుజాతి మొక్కను పెరికి వేర్లు చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. కొంత నేలకూ మిగులుతుంది. యూరియా సంచిలో కొనేది కూడా నత్రజనే. పప్పు మొక్క దాన్ని పైసా లేకుండా తెస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. చేలో ఎవ్వరూ వెయ్యకుండానే మొలిచే కూరలు. దొగ్గలికూర, చెంచలికూర, గంగవాయిలికూర ఇలాంటివే. వీటిని కలుపు అని పారేస్తారు. కానీ ఇవి రక్తానికి బలమిచ్చే కూరలు. కూలికి పోయి వచ్చే ఆడమనిషి దారిలో ఒడినిండా ఏరుకుని వస్తుంది. కలుపుమందు కొట్టిన చేలో ఈ కూర ఉండదు.

జొన్న, కంది సోపతి

జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పోయే రోడ్డు మీద పటాన్‌చెరు ఉంది. అక్కడ 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ వచ్చింది. మెట్ట పంటల మీద పని చెయ్యడం దాని బాధ్యత.

అక్కడి శాస్త్రవేత్తలు ఒక పాత అలవాటును పరీక్షకు పెట్టారు. ఈ ప్రాంతం రైతులు తాతల నాటి నుంచి జొన్న, కంది కలిపి వేస్తారు. ఇందులో లాభం ఉందా, లేదా? కొన్ని మళ్ళలో జొన్న ఒక్కటే వేశారు. కొన్నింటిలో కంది ఒక్కటే వేశారు. మరికొన్నింటిలో రెండూ కలిపి సాళ్ళుగా వేశారు.

కలిపి వేసిన మడిలో జొన్న దాదాపు పూర్తి పంట ఇచ్చింది. దాని మీద కంది కూడా సగానికి మించి పండింది. అంటే ఒక ఎకరంలో కలిపి పండించిన దాన్ని విడివిడిగా పండించాలంటే ఎకరంన్నర దాకా భూమి కావాలి! భూమి తక్కువ ఉన్నవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

ఇది ఎట్లా సాధ్యం? జొన్న తొందరగా ఎదుగుతుంది. కంది మొదటి రెండు నెలలు మెల్లగా ఎదుగుతుంది. జొన్న కోసేదాకా కంది దానికి పెద్దగా అడ్డం రాదు. జొన్న కోశాక ఎండ, నేల అన్నీ కందివే. కంది తల్లివేరు లోతుకు పోతుంది. జొన్న వేర్లు అందుకోలేని తడి కందికి అందుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు పొయ్యి దగ్గర వంతులు వేసుకున్నట్టు ఉంటుంది ఈ పని.

ఇంకో మేలు కూడా బయటపడింది. కందికి ఎండు తెగులు వస్తుంది. నిలబడ్డ చెట్టు నిలబడ్డట్టే ఎండిపోతుంది. జొన్నతో కలిపి వేసిన కందిలో ఈ తెగులు తగ్గినట్టు ఇక్రిశాట్ పరిశోధనల్లో తేలింది. జొన్న కంకుల మీద వాలిన పిట్టలు కంది మీది పురుగును కూడా తింటాయి. గింజలు కొన్ని తినిపోతాయి, నిజమే. అది వాటి కూలి అనుకోవాలి.

పంట చేతికొచ్చే వరస కూడా చూడండి. పెసర 70 రోజుల్లో వస్తుంది. కొర్ర మూడు నెలల్లోపు వస్తుంది. జొన్నకు నాలుగు నెలలు పడుతుంది. కంది ఐదారు నెలలకు వస్తుంది. అన్నీ ఒకేసారి రావు, అన్నీ ఒకేసారి పోవు. నడుమ వాన ముఖం చాటేస్తే పెసర పోవచ్చు, కంది నిలబడవచ్చు. ఇంట్లో పొయ్యి మాత్రం ఆరిపోదు.

ఒక పంటను కాక మొత్తం కమతాన్ని చూసే పరిశోధన ఇప్పుడు దేశమంతా జరుగుతోంది. ఉత్తరప్రదేశ్‌లో మీరట్ దగ్గర మోదీపురంలో దీని కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కూడా ఈ పని జరుగుతోంది. పైరు, గడ్డి, గొర్రెలు, కోళ్ళు కలిపి చూస్తారు. రైతుల చేలల్లో కూడా పరీక్షలు పెడతారు. ఎందుకంటే పరిశోధన కేంద్రంలో పండినట్టు ఎర్ర చెల్కలో పండదు. ఆ చేలో పండుతుందా లేదా అన్నది ఆ చేను దున్నేవాళ్ళే తేల్చాలి.

జహీరాబాద్ ఆడవాళ్ళు తేల్చిన సంగతి

అట్లా తేల్చినవాళ్ళు జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు.

1983లో పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలు పెట్టింది. దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరు పి.వి. సతీష్. ఆయన అంతకు ముందు దూరదర్శన్‌లో పని చేశారు. 2023 మార్చి 19న కన్నుమూశారు. ఆ సంస్థ తోడుగా ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు ఏర్పడ్డాయి. మెల్లగా 75 ఊళ్ళ దాకా విస్తరించాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు.

వాళ్ళలో చాలామందికి భూమి ఉన్నా పనికిరానిదే. రాళ్ళు, కోతకు గురైన మట్టి. అక్కడ పంట పండదన్నారు అందరూ. ఆడవాళ్ళు రాళ్ళు ఏరారు. ఆ రాళ్ళతోనే గట్లు పోశారు. పెంట తోలారు. కలిపి విత్తనం వేశారు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అనుములు, నువ్వులు. యాసంగిలో తెల్లజొన్న, శనగ, కుసుమ. ఎర్ర చెల్క మళ్ళీ పచ్చబడింది.

అప్పటికి జొన్నకు చెడ్డ రోజులు వచ్చాయి. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది. పేదలకు అది అన్నం పెట్టింది. కాదనలేం. కానీ ఇక్కడి చేలో పండేది బియ్యం కాదు. రేషన్ షాపులో బియ్యం దొరుకుతుంటే జొన్న అడిగేవాళ్ళు తగ్గారు. చేలు బీళ్ళయ్యాయి. బీడు పడితే కూలి లేదు, చొప్ప లేదు, పశువు లేదు, పెంట లేదు. ఒక్క ముడి విప్పితే అన్ని ముళ్ళూ వీడిపోయినట్టు అయింది.

1990ల నడుమ దాదాపు 30 ఊళ్ళలో సంఘాలు ఒక కొత్త పని చేశాయి. దీనికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం అందింది. బీడు పడ్డ చేలు సాగు చెయ్యడానికి రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తీర్చమన్నారు. ఐదేళ్ళలో కొంచెం కొంచెంగా తీర్చవచ్చు. ఆ జొన్నలు ఏ పట్నానికీ పోలేదు. ఊళ్ళోనే గింజల నిధిగా నిలిచాయి.

తిండికి కరువయ్యే రోజుల్లో ఆ జొన్నలను బజారు ధర కన్నా తక్కువకు పేదలకు ఇచ్చారు. పేదలు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు ఆఫీసులో దొరకలేదు. ఊరివాళ్ళు నేల మీద ఊరి పటం గీశారు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టారు. ఏ ఇంట్లో తిండి ఎన్ని నెలలకు సరిపోతుందో అందరి ముందు తేల్చారు. ఎక్కువ కష్టంలో ఉన్న ఇంటికి ఎక్కువ గింజలు ఇచ్చారు.

ఆ పటం గీసిన ఆడవాళ్ళలో చాలామందికి అక్షరాలు రావు. అయినా లెక్క తప్పలేదు. అక్షరం రాకముందే వాళ్ళ దగ్గర లెక్క ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

విత్తనం సంగతి కూడా అంతే. బూడిద, వేపాకు కలిపి, మట్టి పేడ అలికిన బుట్టల్లో విత్తనం దాచారు. విత్తనం లేనివాళ్ళు సంఘం దగ్గర తీసుకుంటారు. పంట వచ్చాక తీసుకున్న దానికన్నా ఎక్కువ తిరిగి పోస్తారు. డబ్బు మాట లేదు. ప్రతి ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను సింగారించి, విత్తనాలు పెట్టుకుని, ఊరూరా తిరుగుతారు. ఇది రెండు దశాబ్దాలకు పైగా జరుగుతోంది.

2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది కూడా ఈ ఊళ్ళ ఆడవాళ్ళే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళు ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఒకప్పుడు "గరీబోళ్ళ తిండి" అని వెక్కిరించిన గింజకు ఆ గౌరవం దక్కింది.

కష్టాలు లేవా?

ఉన్నాయి. దాచకుండా చెప్పుకోవాలి.

కలిపి వేసిన చేలో పని ఎక్కువ. ఒక్కో పంట ఒక్కోసారి కొయ్యాలి. ఆ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. కొర్రలు దంచడం రెక్కలు విరిగే పని. ఊళ్ళో గిర్నీ లేకపోతే కొర్ర అన్నం మీద ప్రేమ ఉన్నా దంచే ఓపిక ఉండదు. అడవి పందులు చేలో పడతాయి. అమ్మబోతే మంచి ధర రాదు. బర్రెకు జబ్బు చేస్తే ఇంటి కమ్మె విరిగినట్టే. వాన పూర్తిగా పోతే ఏ పంటా నిలవదు.

అందుకే ఒక్కసారిగా అంతా మార్చవద్దు. మొదటి ఏడు నాలుగు సాళ్ళకు ఒక సాలు కంది కలపండి. రెండో ఏడు పెంటకుప్పకు గుంట తవ్వి, పైన నీడ వెయ్యండి. ఎండకు, వానకు వదిలేసిన పెంటలో బలం పోతుంది. మూడో ఏడు కోళ్ళో, మేకో చూసుకోండి. పని పంచుకోమని ఇంట్లో అడగండి. గిర్నీ కోసం సంఘంగా అడగండి. ఒక్కరు అడిగితే మాట, పదిమంది అడిగితే అర్జీ. జహీరాబాద్ మండలం డిడ్గిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విత్తనం, తెగులు, ఎరువు గురించి అక్కడికి పోయి అడగవచ్చు.

లెక్కల పుస్తకం

ఇప్పుడు మొదట చెప్పిన ఇంటికి మళ్ళీ పోదాం. ఆ ఇంటామె ఇప్పుడు చదువు నేర్చుకుంది. పేరు రాస్తుంది. అంకెలు రాస్తుంది. ఆమె ఒక నోటుబుక్కు కొన్నది. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు గీసింది.

మొదటి గడి: తేదీ.
రెండో గడి: చేనుకు ఏమిచ్చాం? విత్తనం, పెంట, కూలి, డబ్బు.
మూడో గడి: చేను ఏమిచ్చింది? గింజ, చొప్ప, కూర, కట్టె.
నాలుగో గడి: అది ఎటు పోయింది? ఇంటికా, పశువుకా, విత్తనానికా, అమ్మకానికా?

ఒక పేజీ ఇట్లా ఉండవచ్చు:

సెప్టెంబర్ 3. కూలి ఇద్దరు, ఒక పూట. పెసలు 12 కిలోలు. ఇంటికి 10, విత్తనానికి 2.
సెప్టెంబర్ 9. ఖర్చు లేదు. పుంటికూర 6 కట్టలు. ఇంటికి 4, పక్కింటికి 2.
నవంబర్ 2. కూలి నలుగురు, ఒక రోజు. చొప్ప 80 కట్టలు. బర్రెకు.

ఇందులో రెండు కిటుకులు ఉన్నాయి. ఇంట్లో తిన్నదాన్ని కూడా రాయాలి. ఆ వారం సంతలో దాని ధర ఎంతో అడిగి, పక్కన వెయ్యాలి. కొనకుండా మిగిలిన డబ్బు కూడా రాబడే. రెండోది, ఇంటి ఆడవాళ్ళ కూలి కూడా రాయాలి. ఇంటి పని కదా అని వదిలేస్తే ఆ చెమట ఏ లెక్కలోకీ రాదు.

పత్తి ఎకరం లెక్క కూడా అట్లాగే రాయాలి. విత్తనం, మందు, ఎరువు, కూలి, వడ్డీ అన్నీ. అబద్ధం రాయవద్దు. పత్తే ఎక్కువ ఇచ్చిందని లెక్క చెబితే దాన్ని ఒప్పుకోవాలి. రెండో ఎకరమే ఎక్కువ ఇచ్చిందని చెబితే ఇంటాయన ఒప్పుకోవాలి. ఒక ఏడు సరిపోదు. వాన పడ్డ ఏడూ, పడని ఏడూ రెండూ చూడాలి. శాస్త్రవేత్తలు చేసేది కూడా ఇదే. వేస్తారు, చూస్తారు, రాస్తారు, పోలుస్తారు. వెయ్యడం, చూడడం ఈ ఊళ్ళ ఆడవాళ్ళకు ఎప్పటి నుంచో వచ్చు. ఇప్పుడు రాయడం కూడా వచ్చింది.

ఏడాది చివర మళ్ళీ ఇంటాయన అడుగుతాడు: "ఆ ఇంకో ఎకరం ఏమిచ్చింది?"

ఈసారి ఆమె చేతిలో పుస్తకం ఉంటుంది. చదివి వినిపిస్తుంది. ఆ తర్వాత ఏ విత్తనం వెయ్యాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు.

అక్కలారా, చేను అందరూ దున్నుతారు. లెక్క ఎవరి దగ్గర ఉంటే మాట వాళ్ళది. ఈ వానాకాలం విత్తనంతో పాటు ఒక నోటుబుక్కు కూడా కొనండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పూర్వం ఏయే పంటలు కలిపి వేసేవాళ్ళు? పెద్దమ్మలను అడిగి పేర్లు రాయండి.
2. చేలో వెయ్యకుండా మొలిచే కూరలు మీకు ఎన్ని తెలుసు?
3. మీ ఇంట్లో ఈ వారం కొనకుండా చేను నుంచి వచ్చినవి ఏమిటి? బజారులో వాటి ధర ఎంత?
4. మీ ఇంట్లో ఏ పంట వెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు? ఎందుకు?